మా ఆవిడ తనకోసం ఎంచుకున్న హోటలు

మా ఆవిడ గురించి రాస్తానంటే మా అమ్మాయి పకపకా నవ్వింది. "నువ్వు రాస్తే అన్నీ తిట్లే ఉంటాయి నాన్నా" అంది. ఉంటే ఉండనీ. ఇన్నేళ్ళు కాపురం చేసినవాడికి ఆ మాత్రం హక్కు లేదా? నాకు ముక్కు మీద కోపం, ఒప్పుకుంటాను. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. చీకటి గోతిలో మోచేతుల దాకా గ్రీజు పూసుకుని నట్టు బిగిస్తుంటే, పైనుంచి ఎవడో తల వంచి "ఇంకా ఎంతసేపయ్యా?" అని అరుస్తాడు. రోజూ ఆ అరుపు వింటే మీకూ కోపం వస్తుంది. కానీ మా ఆవిడ పని గురించి మాత్రం నేను ఒక్కమాట తేలిగ్గా అనలేదు, ఎవర్నీ అననివ్వలేదు.

ఆవిడ పని హోటళ్ళు ఎంచిపెట్టడం. బస్టాండు ఎదురుగా ఒక ట్రావెల్ ఆఫీసుంది. ముందు గదిలో ప్రొప్రయిటరు, తిరిగే కుర్చీలు, గోడ నిండా కోటల ఫొటోలు. వెనక మెట్ల కింద, జిరాక్సు మిషను పక్కన, మా ఆవిడ బల్ల, దానిమీద ఒక ఫోను. మాకు రైల్లో ఒక పూట ప్రయాణం దూరంలో పాత రాజధాని ఉంది. చుట్టూ ప్రాకారం, మధ్యలో కోట, సన్నటి రాతి వీధులు, రాజుల నాటి మేడలు. ఆ మేడల్లో సగం ఇప్పుడు పెద్ద పెద్ద హోటళ్ళు. జీవితంలో ఒక్కసారైనా రెండు రోజులు అక్కడ దర్జాగా గడిపి రావాలని చాలామందికి సరదా. వాళ్ళు ఏ హోటల్లో దిగాలో, అందులో ఏ గది తీసుకోవాలో చెప్పేది మా ఆవిడ.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆవిడ ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. సెలవులొస్తే జనమంతా అటు పరిగెత్తుతారు, ఆవిడ ఫోనుకి అతుక్కుపోతుంది. సెలవులు కానప్పుడు వెళ్దామే అంటే, "వద్దండీ. చూస్తే నాకు నచ్చిందే అందరికీ అంటగడతాను. చూడలేదు కాబట్టే వాళ్ళకేం కావాలో ఆలోచిస్తున్నాను" అనేది. ఇది పిచ్చో తెలివో తేల్చుకోలేక నేను ఊరుకునేవాణ్ణి.

ఎవరైనా వచ్చి "అయిదు నక్షత్రాల హోటలు కావాలండీ, ఈతకొలను ఉండాలి" అన్నారనుకోండి. ఆవిడ నక్షత్రాల జోలికి పోదు. "మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేదెవరండీ?" అని అడుగుతుంది. "లేచినవాళ్ళు ఊరికే కూర్చోగలరా, మిగతావాళ్ళని కూడా లేపేస్తారా? మీ అత్తగారికి ఎత్తు మంచం ఎక్కడం వచ్చా? మీ ఇద్దరిలో అలిగేదెవరు?" వచ్చినవాళ్ళకి ఒళ్ళు మండేది. హోటలు అడిగితే సంసారం సంగతులు కెలుకుతుందేమిటీవిడ అని గొణుక్కునేవాళ్ళు. తిరిగొచ్చాక మాత్రం ముందు గదిలో ప్రొప్రయిటర్ని పలకరించకుండా నేరుగా మెట్ల కిందికి వచ్చేవాళ్ళు.

ఒకసారి ఒక జంట వచ్చింది. రెండు గదుల పెద్ద సూటు కావాలి, గుండ్రటి మంచం కావాలి అన్నాడతను. ఆ పిల్ల ఉలకలేదు, పలకలేదు. మా ఆవిడ వాళ్ళకి సూటు ఇప్పించలేదు. ఒక చిన్న పాత మేడలో, పొడుగాటి వరండా ఉన్న గది ఇప్పించింది. వరండాకి ఆ చివరొక కుర్చీ, ఈ చివరొక కుర్చీ. "అలిగినవాళ్ళకి దూరంగా కూర్చునే చోటుండాలండీ. కానీ ఒకరికొకరు కనపడుతుండాలి" అంది నాతో. వాళ్ళు తిరిగొచ్చినప్పుడు ఆ పిల్ల మా ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదట. ఏం జరిగిందే అని అడిగితే, "నాకేం తెలుసు, నేనడగలేదు" అంది. వెళ్ళేముందు అన్నీ అడుగుతుంది, వచ్చాక ఏమీ అడగదు. అది ఆవిడ పద్ధతి.

హోటలువాళ్ళని అడగడానికి ఇంకో ప్రశ్న ఉంది. "మీ ఓనరుగారి అత్తగారు వస్తే ఏ గది ఇస్తారండీ?" అవతలివాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత ఆలోచిస్తారు, చివరికి నిజం చెప్పేస్తారు. ఆ గదిలో కుళాయి కారదు, తలుపు కిర్రుమనదు, కిటికీ గట్టిగా మూతపడుతుంది. ఫొటోల్లో పెట్టే గది వేరు, అత్తగారికిచ్చే గది వేరు అని ఆవిడ సిద్ధాంతం. ఆ ఊళ్ళో హోటళ్ళన్నింటికీ ఆవిడ తెలుసు. మొహం ఒక్కరికీ తెలీదు, గొంతు తెలీనివాళ్ళు లేరు. కంచు గొంతు మా ఆవిడది. మెట్ల కింద మాట్లాడితే బస్సుల హారన్లు దాటుకుని రోడ్డవతలికి వినపడేది.

అందరితోనూ బాగానే ఉండేది కానీ, ఒక్కావిడతో మాత్రం ఉప్పూ నిప్పూ. ఆ ఊళ్ళోని ఏదో హోటల్లో బుకింగులు చూసే మనిషి. మా ఇంట్లో ఆవిడ పేరు "గయ్యాళి". సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే మొదలెట్టేది మా ఆవిడ. "ఇవాళ మళ్ళీ గయ్యాళి గది లేదంది. ఉంచుకుని లేదంటుందండీ! ఏం చూసుకుని అంత పొగరు?" మా అత్తవారి వైపు చుట్టాల సంగతులకన్నా ఈ గయ్యాళి సంగతులే నేనెక్కువ విన్నాను. నాకు విసుగొచ్చి, ఆ హోటలు మానెయ్యరాదుటే అంటే, "ఎందుకు మానేస్తాను?" అని నామీద ఒంటికాలి మీద లేచేది.

మా ఆవిడ కంచు గొంతు బొంగురుపోవడం మొదలైంది. జలుబనుకున్నాం. మిరియాల పాలు తాగింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. తగ్గలేదు. ఒకరోజు ఉన్నట్టుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆయన గొంతులోకి గొట్టం పంపించి చూసి, మాట వచ్చేచోట కండ పెరిగిందన్నాడు.

"ప్రాణభయం ఏమీ లేదమ్మా. తీసెయ్యాలి. తీశాక గొంతు ఇలాగే ఉంటుందని మాత్రం నేను మాటివ్వలేను. మారిపోవచ్చు" అన్నాడు.

"ఎంత మారుతుందండీ?" అంది మా ఆవిడ. "ఫోన్లో నేనేనని తెలుస్తుందా?"

"మీ ఇంట్లోవాళ్ళు గుర్తుపడతారు లెండి" అని నవ్వాడాయన. ఇంట్లోవాళ్ళం కళ్ళతో చూసి గుర్తుపడతాం, దాందేముంది. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. నాకూ ఇంటికొచ్చేదాకా తట్టలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని చెప్పింది. "ఆపరేషనుకి ముందే ఆ ఊరు వెళ్దామండీ. పెద్ద హోటల్లోనే దిగుదాం. అక్కడ నేనంటే ఈ గొంతే. ఇది ఉండగానే ఒక్కసారి ఎదురుగా నిలబడి మాట్లాడాలి. తర్వాత నేనెవరో చెప్పుకున్నా ఎవరూ నమ్మరేమో."

నాకు బాధొస్తే కోపంగానే బయటికొస్తుంది, అది నా ఖర్మ. "డాక్టరు నోరు కట్టుకోమంటే, ఊరెళ్ళి మాట్లాడతానంటావేమిటే?" అని అరిచాను. అరిచాక, సరే వెళ్దాం, కానీ నువ్వు ఫోను ముట్టుకోకూడదు, హోటలు నేనూ అమ్మాయీ చూస్తాం అన్నాను. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మీరా?" అంది.

నేనే! ఏం, నాకు హోటళ్ళు తెలీవా? ప్రతి పెద్ద హోటల్నీ వెనకనుంచి, కిందినుంచి, గోతిలోంచి చూసినవాణ్ణి. అమ్మాయి తన ఫోన్లో ఫొటోలు చూపించింది. ఎక్కడ చూసినా నీలం నీళ్ళ కొలను, ద్రాక్షగుత్తుల్లా వేలాడే దీపాలు, కిటికీ పక్కన ఎవరూ తాగని రెండు కప్పుల టీ. ఒక మంచం మీద గులాబీ రేకులు హంస ఆకారంలో పేర్చారు.

"మంచం మీద ఈ చెత్తేమిటే? ఎవరు దులుపుతారు?" అన్నాను.

"అది లగ్జరీ నాన్నా."

"పడుకునేముందు పక్క దులుపుకునేదానికి లగ్జరీ ఏమిటే? ఇవన్నీ ఒకలాగే ఉన్నాయి. మీ అమ్మ పద్ధతే మంచిది. ఫోను ఇలా తే."

ఇదిగో, ఇక్కడే కొంప ముంచాను. మొదటి హోటలుకి ఫోన్ చేసి, గొంతు సవరించుకుని, దర్జాగా అడిగాను. "మీ ఓనరుగారి అత్తగారు వస్తే ఏ గది ఇస్తారండీ?"

అవతల కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. "సార్, ఇది మేడమ్ అడిగే ప్రశ్న కదా! మేడమ్ వస్తున్నారా?" అన్నాడు. నేను వెర్రివెంగళప్పలా "అవునయ్యా, మా ఆవిడే" అన్నాను, ఏనుగెక్కినంత సంబరంగా. రెండో హోటల్లోనూ అంతే, మూడో హోటల్లోనూ అంతే. ప్రశ్న నా నోట్లోంచి సగం రాకముందే "మేడమ్ వస్తున్నారా!" అని కేకలు. సాయంత్రానికి అమ్మాయి ఫోను ఒకటే గోల. ఒక హోటలు మేనేజరు స్వయంగా స్టేషనుకి వస్తాడట. ఇంకోచోట గదికి కొత్తగా రంగు వేయిస్తున్నారట. మరొకాయన, మేడమ్ తనిఖీకి వస్తున్నారా, మావల్ల ఏదైనా పొరపాటు జరిగిందా అని వణికిపోయాడు.

మా ఆవిడ తల కొట్టుకుంది. "ఊరంతా టముకు వేశారు కదండీ! ఇప్పుడు నేను వెళ్ళేది హోటలుకి కాదు, పెళ్ళిచూపులకి. అంతా ముస్తాబు చేసి కూర్చోబెడతారు. నేనింక ఏం చూస్తాను, ఎవరితో మనసు విప్పి మాట్లాడతాను?"

"ఎక్కువ మాట్లాడకు" అన్నాను.

అమ్మాయి కిసుక్కున నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అందరూ రమ్మని ప్రాణం తీస్తుంటే ఈవిడకి నచ్చదు! ఒక్కచోట మాత్రం మొహం మీదే పొమ్మన్నారు, తెలుసా? ఆ కోట గుమ్మం పక్కన పెద్ద హోటలుందే, అక్కడ ఎవత్తో ఆడమనిషి. మాటా మర్యాదా లేదు."

మా ఆవిడ తలెత్తింది. "ఏమందండీ?"

జరిగింది చెప్పాను. ఆ మనిషికీ అదే ప్రశ్న వేశాను. "మా ఓనరుగారి అత్తగారు ఇక్కడికి రారు. ఆవిడకి అల్లుడంటే పడదు" అంది. "గది ఎవరికో సరిగ్గా చెప్పండి." మా ఆవిడకీ నాకూ అన్నాను. ఆవిడది కలతనిద్రా, గాఢనిద్రా అని అడిగింది. నాకు వెంటనే చెప్పడం రాలేదు. మీరే చెప్పండి, నేను పడుకున్నాక ఆవిడ ఎలా నిద్రపోతుందో నాకెలా తెలుస్తుంది? "మొగుడై ఉండి తెలీదా?" అంది. ఒళ్ళు మండి, "చూడమ్మా, మా ఆవిడకి గొంతు ఆపరేషనుంది, ఎక్కువ మాట్లాడకూడదు, ప్రశాంతంగా ఉండాలి, కోట కనపడేలా మంచి గది ఉంటే ఇవ్వు, లేకపోతే లేదు" అన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. ఫోను తెగిపోయిందనుకున్నాను. తర్వాత, ముందువైపు గది ఇవ్వను అంది. ముందు గోడ మరమ్మతు చేస్తున్నారట, రోజంతా సున్నం దుమ్మట. "వెనకవైపు ఒక గదుంది. కోట కనపడదు, తోట లేదు. వంటింటి పెరడు కనపడుతుంది. దుమ్ము మాత్రం రాదు. కావాలంటే అది తీసుకోండి, లేకపోతే వేరేచోటికి పొండి" అని ఠక్కున పెట్టేసింది.

"కోట చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి వంటింటి పెరడు అంటగడుతుందా! కళ్ళు నెత్తికెక్కాయి దానికి" అని ముగించాను.

మా ఆవిడ నవ్వుతోంది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. "అదేనండీ. ఆ గదే మనకి కావాలి."

"అమ్మా, పిచ్చా నీకు?" అంది అమ్మాయి.

"ఆవిడే గయ్యాళి" అంది మా ఆవిడ. "నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక పసిపిల్ల తల్లికి ముందువైపు గది అడిగాను. ఇవ్వనంది. పై మేనేజరుతో చెప్పి, ఆవిణ్ణి కాదని ఇప్పించాను. ఎదురుగా గడియారం గోపురమట, గంట గంటకీ ఢంగుమని కొడితే పిల్ల కునుకు తీస్తే ఒట్టు. నేను ఫోన్ చేసి ముందే చెప్పొచ్చు కదా అని అరిస్తే, నన్ను చెప్పనిచ్చారా అని ఆవిడ అరిచింది. అప్పట్నుంచీ ఒకటే తగువు. కానీ ఆవిడ వద్దన్న గది నేను మళ్ళీ ఎవరికీ ఇప్పించలేదు. అన్నీ బాగున్నాయని చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారండీ. ఇది మీకు పడదు అని చెప్పేది ఆవిడొక్కతే."

తర్వాత నావైపు చూడకుండా అంది. "నా గొంతు పాడవుతోందని మొదట పసిగట్టింది కూడా ఆవిడే. తగువు మధ్యలో ఆపి, 'మీ గొంతులో ఏదో తేడా ఉంది, డాక్టరుకి చూపించుకోండి' అంది. చూపించుకునేదాకా ఫోన్ చేసినప్పుడల్లా సతాయించింది."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఆ గొంతు పొద్దున లేచింది మొదలు ఇంట్లో వినేవాళ్ళం మేమే కదా. ఆ హోటలే ఖాయం చేశాం.

రైలు దిగాక ఆటోవాడు ప్రాకారం బయటే దించేశాడు, లోపల వీధులు ఇరుకని. నేను ఎవర్నైనా దారి అడుగుదామని దిక్కులు చూస్తున్నాను. మా ఆవిడ అప్పటికే నడవడం మొదలెట్టింది. దుప్పట్లు కుట్టే దుకాణం దాటాక ఎడమకి మళ్ళింది. నున్నగా అరిగిన మెట్ల దగ్గర, జాగ్రత్త అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. సన్నటి సందులో ఒకచోట ఆగి, తల పైకెత్తి చూపించింది. గడియారం గోపురం! ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్ళో పుట్టింట్లో నడిచినట్టు నడిచింది. ఫోన్లో వేలమందికి దారి చెప్పీ చెప్పీ ఊరంతా ఆవిడ బుర్రలో ఉంది. కోట గుమ్మం దగ్గర తలుపుకున్న ఇనుప మేకుల మీద చెయ్యి వేసి నిలబడింది. చెప్పొద్దూ, నాకు కోటకన్నా మా ఆవిడే గొప్పగా కనపడింది.

హోటలు ముందంతా కర్రలు కట్టి గోనెపట్టాలు కప్పారు. సుత్తి దెబ్బలు, తెల్లటి దుమ్ము. మమ్మల్ని పక్క గుమ్మంలోంచి తీసుకెళ్ళారు. వెనకవైపు గది చాలా పెద్దది. ఎత్తయిన కప్పు, గచ్చు నేల, తాకితే చల్లగా ఉండే గోడలు, ఇత్తడి గడియలు. మంచం ఎక్కడానికి పక్కన చిన్న పీట వేశారు. కిటికీ తీస్తే నిజంగానే వంటింటి పెరడు. బోర్లించిన రాగి గుండిగలు, తీగ మీద ఆరేసిన తెల్లటి దుప్పట్లు, ముక్కాలిపీట మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ ఏడుస్తున్న ఒక లావుపాటి వంటాయన. అతన్ని చూసి గిన్నెలు తోమే ఆడవాళ్ళు, "ఎవరు పోయారు బాబాయ్?" అని ఏడిపిస్తున్నారు. మా ఆవిడ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఫోను తీగకి ఆ చివర ఏముంటుందో ఊహించుకున్న మనిషి. హోటలు లోపలి బతుకంతా అక్కడ కళ్ళముందు పరిచినట్టు ఉంది. కోట కనపడలేదని ఒక్కసారి కూడా అనలేదు.

ఇల్లు బయల్దేరినప్పట్నుంచీ నేను పోలీసులా కాపలా కాస్తున్నాను. నోరు తెరవబోతే చాలు, వేలు చూపించేవాణ్ణి. ఆవిడ మూతి బిగించుకుని తలూపేది. ఆ సాయంత్రం, ఆ బుకింగులావిడ ఎక్కడుంటారని ముందుగదిలో నేనే అడిగాను. మెట్ల కింద అన్నారు.

ఇక్కడా మెట్ల కిందే! ఇరుకు గది, తలుపు తెరిచే ఉంది. గయ్యాళి అంటే నేను కొండంత మనిషిని ఊహించుకున్నాను. చూస్తే, కుర్చీలో దిండు వేసుకున్నా కాళ్ళు నేలకి అందని బుల్లి మనిషి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "కుదరదండీ, మీ నాన్నగారికి ఆ మెట్లు పడవు, చెబితే వినరేం?" అని ఎవరినో కడిగేస్తోంది. లౌడుస్పీకరు గొంతు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ మాటలు వింటోంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఫోను పెట్టేసి ఆ మనిషి మమ్మల్ని చూసింది. "ఏం కావాలండీ?"

మా ఆవిడ నావైపు చూసింది, చిన్నపిల్ల పర్మిషన్ అడిగినట్టు. నాకు ఆ డాక్టరు మీద, ఆ కండ మీద, నా కాపలా మీద అన్నిటిమీదా కోపమొచ్చింది.

"మాట్లాడవే" అన్నాను. "దీనికోసమే కదా వచ్చాం."

మా ఆవిడ ఒక అడుగు లోపలికేసి, ఉన్న గొంతంతా కూడదీసుకుని అంది. "మీ వెనకవైపు గదిలో కుళాయి కారుతోంది."

"కారదు. పొద్దున నేనే వెళ్ళి చూసొచ్చాను..." అంటూనే ఆవిడ ఆగిపోయింది. కుర్చీలోంచి కిందికి దూకింది. వచ్చి మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలీలేదు. "ఇంత పొడుగున్నారేంటండీ! నేను పొట్టిగా, లావుగా అనుకున్నాను" అంది గయ్యాళి. మా ఆవిడ ఏదో చెప్పబోతే, "మీరు మాట్లాడకండి. చాలు, విన్నాను. గుర్తుపెట్టుకుంటాను. ఇప్పుడు నేను మాట్లాడతాను" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత చెవులు చిల్లులు పడేలా మాట్లాడింది. హోటలంతా తిప్పింది. ఏ గదిలో మా ఆవిడ పంపినవాళ్ళు ఎవరు దిగారో, ఏమన్నారో, ఎవరు వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూశారో అన్నీ చెప్పింది. వెళ్ళొచ్చినవాళ్ళని ఎన్నడూ ఏమీ అడగని మా ఆవిడ అవన్నీ విని, తలూపుతూ నడిచింది. దుమ్మున్న వైపు మాత్రం గుమ్మం దాకా కూడా పోనివ్వలేదు ఆ మనిషి.

ఇంటికొచ్చాక ఆపరేషను అయింది. బాగానే అయింది. చాలాకాలం మౌనం. డాక్టరు మాట్లాడమన్న రోజున మా ఆవిడ నన్నే పిలిచింది. "ఏమండీ" అంది. నేను వంటింట్లోంచి, ఎవరో మగమనిషి వచ్చాడనుకుని పరిగెత్తుకొచ్చాను. మందంగా, లోతుగా, నూతిలోంచి వచ్చినట్టుంది గొంతు. నా మొహం చూసి ఆవిడకి అర్థమైపోయింది.

ఆఫీసుకి మళ్ళీ వెళ్ళింది. ఒక హోటలుకి ఫోన్ చేసింది. "ఎవరు సార్ మాట్లాడేది?" అన్నారు. పేరు చెప్పింది. "మేడమ్ ఇలా మాట్లాడరండీ" అన్నారు. ఇంకోచోటా అంతే. రంగు వేయిస్తామన్నవాళ్ళూ, స్టేషనుకొస్తామన్నవాళ్ళూ అందరూ అంతే. వాళ్ళ తప్పేముంది పాపం, మర్యాదగానే అడిగారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఇంక చాలండీ, మానేస్తాను. ప్రతివాళ్ళకీ నేను నేనేనని సాక్ష్యం చెప్పుకోలేను" అంది.

"గయ్యాళికి చేశావా?" అన్నాను.

చెయ్యలేదట. అందరూ సరే, ఆవిడ కూడా ఎవరండీ అంటే తట్టుకోలేనంది. పోనీ నేను ముందే ఫోన్ చేసి గొంతు ఇలా మారిందని చెబుతానన్నాను. నామీద విరుచుకుపడింది. "చెప్పారంటే ఊరుకోను! మీరు చెబితే ఆవిడ గుర్తుపట్టినట్టు ఎలా అవుతుంది?"

ఎన్నో రోజులు ఆ ఫోను వైపే చూడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పాత లిఫ్టు బేరింగు ఒకటి ముందేసుకుని తుడుస్తున్నాను. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఏదో పెద్దమనిషి ఎదుటికి వెళ్తున్నట్టు, ఫోను దగ్గరికెళ్ళింది. నంబరు నొక్కింది. నేను గుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి చూస్తున్నాను.

"హలో" అంది. అంతే. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు.

అటువైపు మాట లేదు. మా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను లేచి నిలబడ్డాను.

అప్పుడు ఆ లౌడుస్పీకరు గొంతు, గది ఈ చివరున్న నాకు కూడా వినపడేటట్టు, ఒక్కసారిగా లేచింది.

"ఎవరే నిన్ను అప్పుడే మాట్లాడమన్నది? డాక్టరు ఒప్పుకున్నాడా? ఆ మొగుడు పక్కనే ఉండి ఏం చేస్తున్నాడు? పెట్టెయ్, ముందు ఫోను పెట్టెయ్!"

మా ఆవిడ పెట్టెయ్యలేదు. గోడకి ఆనుకుని, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఆ కొత్త గొంతుతో, "ఒక తాతగారూ మనవరాలూ వస్తున్నారు, గది కావాలి" అంది.